ఇంటర్వెల్లో ఆఖర్న వచ్చేవాళ్ళు

ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే మనం ఏం చేస్తాం? సమోసాల కేసి పరిగెడతాం. ఫస్టాఫ్ బావుందా, పాటలు బావున్నాయా అని అరుచుకుంటాం. నేను మాత్రం ఈ మధ్య ఇంకో సినిమా చూస్తున్నానండోయ్! అది హాలు వెనక, మగవాళ్ళ మరుగుదొడ్ల దగ్గర ఆడుతుంది. టిక్కెట్టు లేదు. కుర్రాళ్ళు ఈలేసుకుంటూ వెళ్ళి అర నిమిషంలో వచ్చేస్తారు. అరవయ్యో పడిలో ఉన్న పెద్దమనిషి మాత్రం గోడకేసి చూస్తూ అలా నిలబడే ఉంటాడు. వెనక వరస పెరిగిపోతుంది. "ఏం మాస్టారూ, ఇక్కడే కాపరం పెట్టేశారా?" అని ఎవడో వెకిలి కూత కూస్తాడు. ఆయన నవ్వినట్టు మొహం పెట్టి, పని సగంలోనే ఆపుకుని పంచె సర్దుకుని వచ్చేస్తాడు. సినిమా మొదలైన పావుగంటకి మళ్ళీ లేచి, "కాస్త జరుగు బాబూ" అంటూ మన మోకాళ్ళు దాటుకుంటూ పోతాడు. మనం విసుక్కుంటాం, మంచి సీనుకి అడ్డం వచ్చాడని!

ఈ వారం ఈ గోలేమిటి, తారల కబుర్లు ఏవి అంటారా? వస్తున్నా, ఉండండి. కపిలేశ్వరపురం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పేరు వెయ్యొద్దన్నాడు, వెయ్యను. రెండు పేజీల ఉత్తరంలో పేజీన్నర సినిమా కబుర్లే. ఆఖర్న, అడగనా వద్దా అన్నట్టు, నాలుగు లైన్లు:

"మా నాన్నగారికి యాభై ఎనిమిది. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నారు. డాక్టరుగారు పీఎస్ఏ అని రక్తపరీక్ష రాశారు. అది క్యాన్సర్ పరీక్ష అని మందుల షాపు కుర్రాడు చెప్పాడు. అంతే, ఆ చీటీ మడిచి పంచాంగంలో పెట్టేశారు. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, ఈ మాట బయట పొక్కితే ఎలాగరా అంటున్నారు. క్యాన్సరేనంటారా సార్? 'ప్రేమాభిషేకం'లో నాగేశ్వర్రావుకి వచ్చిందే ఇదీనా?"

నవ్వకండి. ఆ ఆఖరి ప్రశ్నలోనే మనందరి క్యాన్సర్ పరిజ్ఞానమూ ఉంది. మన సినిమాల్లో క్యాన్సర్‌కి ఒక పద్ధతుంది. ముసలాళ్ళ జోలికి పోదు. ప్రేమలో పడ్డవాళ్ళనీ, పసిపిల్లల తల్లుల్నీ వెతుక్కుంటూ వస్తుంది. 1981లో 'ప్రేమాభిషేకం' ఎంత ఏడిపించిందో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. 1989లో 'గీతాంజలి'లో రోజులు లెక్కపెట్టుకునే హీరో. 1993లో 'మాతృదేవోభవ'... దాని మాట ఎత్తితే మా ఇంట్లో ఇప్పటికీ చీరచెంగులు తడుస్తాయి. ఒక దగ్గు, ఒక జేబురుమాలు, దాని మీద ఎర్రటి మరక, డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం. ఇంతే కదా మనకి తెలిసిన క్యాన్సర్!

ప్రోస్టేట్ క్యాన్సర్ సినిమాకి బొత్తిగా పనికిరాని జబ్బు. చాలావరకు యాభై దాటితేగాని రాదు. వచ్చినా మొదట్లో దగ్గూ లేదు, నొప్పీ లేదు, ఏ గుర్తూ చూపించదు. చాలామందిలో ఏళ్ళ తరబడి నత్తలా నడుస్తుంది. కొందరిలో మాత్రం గుర్రమై పరిగెడుతుంది. దీని మీద డ్యూయెట్టు ఎవరు రాస్తారు చెప్పండి? అంచేత ఆ మాట మన చెవిన పడలేదు. ఆ గ్రంథికి తెలుగులో 'పౌరుష గ్రంథి' అని పేరు పెట్టారు. ఆ పేరే కొంప ముంచింది! పౌరుషానికి జబ్బు చేసిందంటే ఏ మగాడు ఒప్పుకుంటాడు?

అసలింతకీ అది పౌరుషమూ కాదు, పాడూ కాదు. మూత్రాశయం కింద, మూత్రం వచ్చే గొట్టం చుట్టూ, పెద్ద ఉసిరికాయంత ఉండే గ్రంథి. మగవాళ్ళకే ఉంటుంది. వీర్యంలో కొంత ద్రవం అక్కడ తయారవుతుంది. వయసు పెరిగేకొద్దీ అది ఉబ్బుతుంది. అరవై ఏళ్ళు వచ్చేసరికి సగం మంది మగవాళ్ళకి ఎంతో కొంత ఉబ్బి ఉంటుంది. కొబ్బరితోటలో నీళ్ళ పైపు మీద ఎవరో కాలేసి నొక్కారనుకోండి, ధార సన్నబడిపోదూ? ఇదీ అంతే. ధార సన్నబడుతుంది, ఆగి ఆగి వస్తుంది, రాత్రిళ్ళు లేపుతుంది. ఇది క్యాన్సర్ కాదు. ముదిరి క్యాన్సర్‌గా మారేదీ కాదు. దీనికి వేరే మందులున్నాయి.

క్యాన్సర్ ఎక్కువగా ఎక్కడ పుడుతుందంటే, ఆ ఉసిరికాయ వెలుపలి అంచున. గొట్టానికి దూరంగా. కాబట్టి మొదట్లో ధారకి అడ్డం రాదు. చూశారా తమాషా! రాత్రి నాలుగుసార్లు లేచేవాడు క్యాన్సరేమోనని వణికిపోతాడు, చాలాసార్లు అది కాదు. హాయిగా నిద్రపోయేవాడు నాకేం ఢోకా లేదనుకుంటాడు, అది నిజమో కాదో నిద్ర చెప్పదు. నడుంలో, తుంటి ఎముకలో నొప్పి మొదలై, ఎన్ని తైలాలు రాసినా తగ్గక, చివరికి ఆసుపత్రికి వెళితే అప్పటికే ఎముకల్లోకి పాకిందని తెలిసిన సందర్భాలు మన దేశంలో తక్కువేం కాదు.

పోయిన వేసవిలో చుట్టాలింట్లో పెళ్ళికి ఆ కపిలేశ్వరపురమే వెళ్ళాను. భోజనాలయ్యాక గోదావరి గట్టు మీద గాలికి అరడజను మంది పెద్దలు చేరారు. రాజకీయాలు అయ్యాయి, కొబ్బరి ధర అయింది. ఊరుకోలేక అడిగాను.

"ప్రోస్టేటు అంటే ఏమిటో తెలుసాండీ?"

"పొటాషాండీ? ఈ యేడు సరిగా దొరకట్లేదండి!"

ఎరువు కాదండీ బాబూ, ఒంట్లో ఉండేదే అని చెప్పాను. బీపీ తెలుసు, షుగర్ తెలుసు, గుండెలో స్టెంటు వెయ్యడం తెలుసు, మోకాలిచిప్ప మార్పించడానికి ఎంతవుతుందో కూడా తెలుసు. ఇది మాత్రం ఆరుగురిలో ఒక్కరికీ తెలీదు. సరే, రాత్రుళ్ళు ఎన్నిసార్లు లేస్తారని అడిగితే ఒకాయన, "మూడుసార్లు లెగుత్తానండి. వయసొచ్చాక అంతే గదండీ! ఇదివరకు హరికథంటే ముందు వరసే నాది, కదిలేవోణ్ణి కాదు. ఇప్పుడు చివర్న దారి పక్కన కూకుంటన్నానండి, లెగడానికి ఈలుగా ఉంటాదని" అన్నాడు. హరికథా పాఠశాల ఉన్న ఊరు అది. ఆడపిల్లలు చిడతలు పట్టుకుని కథ చెబుతుంటే వినడానికి జనం విరగబడే ఊరు. అలాంటి చోట ముందు వరస వదులుకున్నాడంటే ఆ మనిషికి ఎంత కష్టమై ఉండాలి! అయినా ఎవరితోనూ అనలేదట. భార్యతో కూడా.

ఇంతలో ఇంకొకాయన, "బుడ్డయితే తెలుసండీ!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. నాకు అక్కడే లైటు వెలిగింది.

గోదావరి జిల్లాలకి ఫైలేరియా పాత చుట్టం. బోదకాలు, బుడ్డ దాని వరాలే. 1955 నుంచి ప్రభుత్వం దాని వెంట పడింది. ఫైలేరియా వాళ్ళు రాత్రి పూట ఇళ్ళకి వచ్చి, నిద్రపోతున్నవాణ్ణి లేపి, వేలు గుచ్చి రక్తం బొట్టు గాజుపలక మీద తీసుకుపోయేవారు. ఎందుకు రాత్రి? ఆ పురుగు పిల్లలు రాత్రిళ్ళే రక్తంలో షికారుకి బయల్దేరతాయి కాబట్టి! "కాలు బానే ఉంది కదయ్యా, నా రక్తం ఎందుకు?" అని ఆ పెద్దలు కుర్రతనంలో తిట్టుకున్నవాళ్ళే. "కాలు వాచాక తీస్తే లాభం లేదు" అని వాళ్ళ సమాధానం. తమ్ముళ్ళూ, ఇంగ్లీషువాళ్ళు స్క్రీనింగ్ అనేది ఇదే. మన సినిమా స్క్రీను కాదు! జబ్బు గుర్తేమీ కనపడని మనిషిని, జబ్బు లోపల దాక్కుందేమోనని ముందే చూడ్డం. కోనసీమ చుట్టుపక్కల మగవాళ్ళకి ఇది కొత్త కాదు. నిద్రమత్తులో వేలు ఇచ్చిన జాతి!

అన్నట్టు, ఆ ఫైలేరియాకి పంచిన డీఈసీ మాత్ర వెనక ఉన్నది ఎవరనుకున్నారు? 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, అమెరికా వెళ్ళిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన బృందం తయారుచేసిన ఇంకో మందుతోనే 1947-48ల్లో పసిపిల్లల రక్త క్యాన్సర్‌ని మొదటిసారి కొంతకాలమైనా అదుపులో పెట్టగలిగారు. ఫైలేరియా మాత్రకీ క్యాన్సర్ మందుకీ ఒకే గోదావరి మనిషి! ఈయన మీద ఇంకా పెద్ద సినిమా ఎందుకు రాదో మన నిర్మాతల్నే అడగాలి. సరే, దారి తప్పాను.

గట్టు మీద మా మాటలు వింటున్న ఒక పెద్దావిడ అంది: "మాకు పరీక్షలు చేస్తన్నారు బాబూ. రొమ్ములో గడ్డలున్నాయేమో చూసుకోడం నేర్పారు. మా ఆయన్ని మటుకు నోరు తెరవమన్నారు, అంతే!" నిజమే. ముప్ఫై దాటినవాళ్ళకి ప్రభుత్వం ఇంటింటా ఉచితంగా చూసే క్యాన్సర్లు మూడు: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. మన రాష్ట్రంలో 2024 చివర్నుంచి ఇది ఊరూరా జోరుగా సాగింది. మగవాడి వాటా నోరొక్కటే. ప్రోస్టేట్ ఆ జాబితాలో లేదు.

ఎందుకు లేదు? మరిచిపోయారా? కాదు. ఇక్కడే అసలు మలుపు ఉంది.

పీఎస్ఏ అనేది ఆ గ్రంథిలో తయారయ్యే ఒక మాంసకృత్తు. కొంచెం రక్తంలోకి వస్తుంది. పరీక్షకి కొన్ని వందల రూపాయలు. 4 దాటితే అనుమానం అన్నది పాత లెక్క. కానీ అది క్యాన్సర్‌ని చూపించే అద్దం కాదు, గ్రంథిలో ఏదో అలజడి ఉందని మోగే గంట. గ్రంథి ఉబ్బినా మోగుతుంది, మూత్రంలో చీము పట్టినా మోగుతుంది. గంట మోగిందని ముక్క తీసి చూస్తే నలుగురిలో ముగ్గురికి క్యాన్సర్ ఉండదు. మోగకపోయినా కొందరికి ఉంటుంది! ఇంకో చిక్కేమిటంటే, ఎన్నడూ బాధపెట్టని, నత్త లాంటి క్యాన్సర్‌ని కూడా ఇది పట్టిస్తుంది. అది పట్టుబడగానే మనిషి ఊరుకోలేక ఆపరేషను చేయించుకుంటాడు. తర్వాత మూత్రం ఆగకపోవచ్చు, దాంపత్యసుఖం దెబ్బ తినొచ్చు. 1970లోనే ప్రోస్టేట్‌కి సంబంధించిన అలాంటి పదార్థాన్ని గుర్తించిన రిచర్డ్ ఆబ్లిన్ అనే శాస్త్రవేత్త, 2010లో న్యూయార్క్ టైమ్స్‌లో, ఈ పరీక్షని కనపడ్డ మగాడికల్లా చెయ్యడం పెద్ద పొరపాటని రాశాడు. సినిమా తీసిన నిర్మాతే, "ఇది అందరూ చూడక్కర్లేదు" అన్నట్టు లేదూ!

అలాగని పనికిరాదని కొట్టెయ్యలేం. యూరప్‌లో ఎనిమిది దేశాల్లో 1,62,000 మంది మగవాళ్ళని 23 ఏళ్ళ పాటు గమనించి 2025లో లెక్క తేల్చారు. పరీక్షకి పిలిచినవాళ్ళలో ఈ క్యాన్సర్ చావులు 13 శాతం తగ్గాయి. 456 మందిని పిలిస్తే ఒక ప్రాణం దక్కింది. కపిలేశ్వరపురం హరికథ పందిట్లో కూర్చున్న మగవాళ్ళని ఊహించుకోండి, వాళ్ళలో ఒక్కడు. ఆ ఒక్కడు ఎవరో ముందు ఎవరూ చెప్పలేరు. ఆ ఒక్కడి ఇంటివాళ్ళకి మాత్రం 456 లెక్కతో పనిలేదు. అంచేత అమెరికాలో ఈ సంగతులు చూసే నిపుణుల సంఘం 2012లో వద్దంది, మళ్ళీ 2018లో మాట మార్చింది: 55 నుంచి 69 ఏళ్ళవాళ్ళు డాక్టరుతో లాభం నష్టం మాట్లాడుకుని ఎవరికి వారే తేల్చుకోవాలి, డెబ్భై దాటాక మామూలుగా అక్కర్లేదు అని. అయితే ఎవరికి వారు తేల్చుకోవాలంటే ముందు ఆ సంగతి ఒకటుందని తెలియాలిగా! పొటాషు అనుకునేవాడు ఏం తేల్చుకుంటాడు?

పైగా ఇప్పుడు పరీక్షల పద్ధతి మారింది. గంట మోగగానే సూది పట్టుకోరు. కొన్ని వారాలాగి మళ్ళీ రక్తం చూస్తారు, ఎంఆర్ఐ తీస్తారు, అప్పటికీ అనుమానం ఉంటేనే ముక్క తీస్తారు. నత్త రకమని తేలితే కొయ్యకుండా ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండే పద్ధతీ ఉంది.

ఇక తమ్ముడూ, మీ నాన్నగారి భయం. చెల్లి పెళ్ళి. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన ఊళ్ళల్లో రక్తం ఇచ్చి వచ్చేలోపు "ఫలానావాడికి అదేనట" అని కబురు ఇంటికి చేరుతుంది. ఊళ్ళేమిటి, మెగాస్టార్‌కే తప్పలేదు! 2023 జూన్‌లో హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ కేంద్రం ప్రారంభిస్తూ చిరంజీవిగారు, తాను ముందుజాగ్రత్తగా పేగు పరీక్ష చేయించుకున్నాననీ, క్యాన్సర్ కాని చిన్న పిలకలు కనపడితే తీసేశారనీ చెప్పారు. కొన్ని చోట్ల అది "చిరంజీవికి క్యాన్సర్" అని వార్తయి కూర్చుంది. పాపం, నాకు క్యాన్సర్ రాలేదయ్యా అని ఆయనే ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. పరీక్ష చేయించుకున్నాడంటే జబ్బున్నట్టే అని మనకి అంత స్థిరపడిపోయింది.

నాగేశ్వర్రావుగారి సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నా. ఆయన 2013 అక్టోబరులో, తొంభయ్యో ఏట, విలేకరుల్ని పిలిచి నాకు క్యాన్సర్ వచ్చిందని తానే చెప్పారు. అది ప్రోస్టేట్ కాదు. అయినా ఆ వయసులో, ఆ స్థాయిలో ఒక మగవాడు దాచుకోకుండా చెప్పడం మన తెలుగువాళ్ళకి కొత్త. పుకార్లకి చోటు మిగల్లేదు. 2014 జనవరిలో ఆయన వెళ్ళిపోయారు, మేలో 'మనం' వచ్చింది. ఆ సినిమా చూసినవాళ్ళెవరూ ఆయన్ని జాలిగా చూడలేదు.

ఇంకో తండ్రీకొడుకుల కథ వినండి. హాలీవుడ్ రాబర్ట్ డి నీరో తెలుసుగా, 'గాడ్‌ఫాదర్' రెండో భాగంలో కుర్ర డాన్! ఆయన తండ్రి చిత్రకారుడు, పేరు కూడా అదే. 1993లో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయారు. పదేళ్ళకి, 2003లో, కొడుక్కీ అదే బయటపడింది. అప్పటికి అరవై ఏళ్ళు. క్రమంగా పరీక్షలు చేయించుకుంటున్నాడు కాబట్టి తొలిదశలోనే దొరికింది. వైద్యం అయింది, ఎనభై దాటినా నటిస్తున్నాడు. ఎందుకు చెబుతున్నానంటే, తండ్రికో అన్నదమ్ముడికో ఈ జబ్బు ఉంటే మనకి వచ్చే అవకాశం రెండింతల పైమాటే. అమ్మ వైపు వాళ్ళలో రొమ్ము క్యాన్సర్లు ఎక్కువగా ఉన్నా, కొన్ని కుటుంబాల్లో అదే జన్యుదోషం మగపిల్లలకి ఈ రూపంలో రావచ్చు. అలాంటి ఇళ్ళలో నలభై అయిదు నుంచే డాక్టరుతో మాట్లాడాలని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ మాట. మీ నాన్నగారు పంచాంగంలో దాచింది తన చీటీ ఒక్కటే కాదు తమ్ముడూ, నీ చీటీ కూడా. అది ఆయనతో చెప్పు. తన కోసం కదలని మగాడు కొడుకు కోసం కదుల్తాడు, ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశాను.

ఇప్పుడు అసలు జవాబు. మీ నాన్నగారికి రాసింది ఊరికే అందరికీ చేసే పరీక్ష కాదు. ఆయనకి బాధ ఉంది, అది ఎందుకో తెలుసుకోడానికి రాసింది. అంచేత వేద్దామా వద్దా అన్న వాదన ఇక్కడ లేదు. నాలుగుసార్లు లేవడానికి షుగర్ కూడా కారణం కావచ్చు, ముందు అది చూపించండి. మూత్రపరీక్ష, స్కానింగు కూడా చేస్తారు. డాక్టరు చేతికి తొడుగు వేసుకుని వెనక నుంచి వేలితో గ్రంథిని తడిమి చూస్తానంటే బెదిరిపోవద్దను. అర నిమిషం పని. గట్టు మీద ఈ మాట చెప్పగానే ఇద్దరు లేచి ఇంటికెళ్ళిపోయారు! చూసేది యూరాలజిస్టు అనే డాక్టరు. రాజమండ్రిలో ఉన్నారు, కాకినాడలో ఉన్నారు. ఊళ్ళో తెలియకూడదంటే అక్కడే రక్తం ఇవ్వచ్చు. పెళ్ళివారికి షుగర్ పరీక్షకి వెళ్ళామని చెప్పండి, అబద్ధం కూడా కాదు.

రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు ఆయన్ని సైకిలు ఎక్కనివ్వకు. సీటు సరిగ్గా అక్కడే ఒత్తుతుంది, లెక్క కాస్త పైకి చూపించే వీలుంది. మూత్రంలో మంటో జ్వరమో ఉంటే అది తగ్గాకే ఇవ్వమను. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టకు, దిగడానికి వీలుగా దారి పక్క సీటు చూడు. సాయంత్రం రిపోర్టు వచ్చేదాకా ఖాళీయే కాబట్టి మ్యాట్నీకి తీసుకెళ్ళు. ఏ సినిమానో నువ్వే చూసుకో, దగ్గూ జేబురుమాలూ లేనిదైతే చాలు.